నేర్చుకోవడంలో మీ బలమేంటి, లోపమేంటి: ఒక నోటుబుక్కుతో తేల్చుకునే పద్ధతి

"ఏది మొదలుపెట్టినా మధ్యలో ఆగిపోతుంది. బలాలూ బలహీనతలూ రాసుకోమంటున్నారు. కూర్చుంటే నాలుగు మాటలకు మించి రావడం లేదు. ఎలా రాయాలి?" ఈ ప్రశ్న రకరకాలుగా నా దగ్గరికి వస్తూనే ఉంది. అడిగేవాళ్లలో బీఈడీ చేస్తున్నవాళ్లున్నారు, నలభై దాటాక పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్లున్నారు, రిటైరయ్యాక వీణ పట్టుకున్నవాళ్లున్నారు.

వాళ్లు రాసి చూపించే జాబితాలు మాత్రం ఒకేలా ఉంటాయి. బలాలు: కష్టపడే తత్వం, ఆసక్తి, పట్టుదల. బలహీనతలు: బద్ధకం, ఏకాగ్రత లేకపోవడం, టైం చాలకపోవడం. పైన ఎవరి పేరు రాసినా ఈ జాబితా సరిపోతుంది. అందుకే ఎవరికీ పనికిరాదు.

ఊరికే కూర్చుని ఆలోచిస్తే మన గురించి మనం అనుకునేదే బయటికొస్తుంది. నిజంగా ఏం జరిగిందో తెలియాలంటే పాత లెక్కలు తీయాలి. కాబట్టి ఇక్కడ ఆలోచించే పని తక్కువ, రాసే పని ఎక్కువ. ఒక మాట ముందే చెబుతున్నా, ఇది ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి కాదు. అక్కడ చెప్పే బలహీనత వేరు, ఇంట్లో తలుపేసుకుని రాసుకునేది వేరు.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మొత్తం పనికి మూడు సాయంత్రాలు, ఒక్కోటి నలభై నిమిషాలు. ఆ తర్వాత మూడు వారాల పాటు రోజుకు ఐదు నిమిషాలు. అంతకంటే ఎక్కువ సేపు కూర్చుంటే ఆత్మకథ అవుతుంది.

☐ ఒక లాంగ్ నోటుబుక్. ఫోన్‌లో వద్దు. రెండు పేజీలు పక్కపక్కన తెరిచి చూడాల్సిన అవసరం వస్తుంది.
☐ రెండు రంగుల పెన్నులు. నీలంతో జరిగింది రాయాలి, ఎరుపుతో మీ అభిప్రాయం.
☐ పాత సరంజామా: అటక మీది సగం రాసిన నోటుబుక్కులు, సర్టిఫికెట్ల ఫైలు, ఫోన్‌లో ఒకప్పుడు దించుకున్న యాప్‌ల జాబితా, కోర్సులకు కట్టిన డబ్బుల మెసేజీలు.
☐ మీరు నేర్చుకుంటుండగా దగ్గరగా చూసిన ఇద్దరి పేర్లు. వాళ్లతో పని ఏడో అంచెలో.

మంచి మూడ్ కోసం ఎదురుచూడకండి. అయితే పరీక్ష తప్పిన రోజో, ఆఫీసులో మాట పడిన రోజో మాత్రం కూర్చోవద్దు. ఆ రోజు రాసేవన్నీ లోపాలే అవుతాయి. బహుమతి వచ్చిన రోజు కూడా ఇంతే, తలకిందులుగా.

2. మొదటి సాయంత్రం: పదేళ్ల చిట్టా

గత పదేళ్లలో మీరు నేర్చుకోవడం మొదలుపెట్టినవన్నీ రాయండి. చదువూ కోర్సులే కానక్కర్లేదు. స్కూటీ, కుట్టుమిషన్, మిద్దెతోట, ఫోన్‌లో తెలుగు టైపింగ్, లలితా సహస్రనామం కంఠతా పట్టడం, అన్నీ లెక్కలోకి వస్తాయి. పూర్తయినవి, ఆగిపోయినవి, మూడో రోజే అటకెక్కినవి, ఏదీ వదలొద్దు. పన్నెండు పదిహేను దొరుకుతాయి. ఐదే వచ్చాయంటే డబ్బులు కట్టిన మెసేజీలు మళ్లీ వెతకండి. మనం మర్చిపోయినవి అక్కడ ఉంటాయి.

ఒక్కోదానికీ నీలం పెన్నుతో నాలుగు విషయాలు:

- ఏం నేర్చుకున్నాను, ఎవరి దగ్గర
- ఎక్కడిదాకా వెళ్లాను
- ఇప్పుడు వస్తుందా, రాదా
- ఆగిపోయి ఉంటే, ఆగడానికి ముందు వారం ఏం జరిగింది

ఈ చివరిదే అసలైనది. "ఎందుకు ఆపేశాను" అని రాయకండి. ఎందుకు అని అడిగితే మనసు అందమైన కారణం అల్లి ఇస్తుంది. "ఏం జరిగింది" అంటే జరిగింది చెప్పక తప్పదు.

నా చిట్టాలోంచి ఆరు వరసలు ఉన్నవున్నట్టు:

హిందీ. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు. ప్రాథమిక్, మధ్యమ పాసయ్యాను. తర్వాతి పరీక్ష రాష్ట్రభాషకు పుస్తకాలు కొన్నాను, ఫీజు కట్టలేదు. ముందు వారం: మాస్టారు ఊరు మారారు. ఇంట్లోనే చదువుకోవచ్చులే అనుకున్నాను.

ఈత. నలభై ఒకటో ఏట నేర్చుకున్నాను. ఇప్పటికీ వస్తుంది. పొద్దున్న ఆరింటికి ఎదురింటాయన గేటు దగ్గర హారన్ కొట్టేవాడు.

కారు. డ్రైవింగ్ స్కూల్లో బాగానే నడిపాను, లైసెన్సూ వచ్చింది. సొంతంగా తీసింది నాలుగుసార్లు. ముందు వారం: రివర్స్ తీస్తూ మా గేటుకే గీసుకున్నాను.

గిటార్ యాప్. పదకొండు రోజులు. ముందు వారం: ఎఫ్ కార్డ్ (ఒకేసారి చాలా తీగలు నొక్కే పట్టు) దగ్గర వేళ్లు నొప్పెట్టాయి. ఒకరోజు మానేశాను. మర్నాడు కూడా.

ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (పెద్ద పట్టికను కుదించి మొత్తాలు చూపేది). వీడియో మూడుసార్లు చూశాను. ఆఫీసులో అవసరం పడ్డప్పుడు పక్క సీటు అబ్బాయిని పిలిచాను.

ఆవకాయ. మూడేళ్లు అమ్మ పక్కన కూర్చుని చూశాను. నాలుగో ఏడు ఒంటరిగా పెడితే బూజు పట్టింది. జాడీలో తడి ఉండిపోయిందని తేలింది. ఐదో ఏడు జాడీని రెండు రోజులు ఎండబెట్టి పెట్టాను. కుదిరింది. ఇప్పుడు ఏటా నేనే.

3. రెండో సాయంత్రం: ఏ మెట్టు మీద ఆగింది

"నేర్చుకోవడం" అని ఒకే మాట వాడతాం గానీ అందులో ఏడు వేర్వేరు పనులున్నాయి. ఒకదానిలో దిట్ట అయినవాళ్లు పక్కదానిలో చతికిలపడటం మామూలే.

- మొదలుపెట్టడం
- అర్థం చేసుకోవడం
- ఎవరూ లేనప్పుడు సాధన చేయడం
- గుర్తుంచుకోవడం
- అర్థం కానప్పుడు అడగడం
- తప్పు పట్టుకుని దిద్దుకోవడం
- నేర్చుకున్నదాన్ని వాడటం

నోటుబుక్కులో కొత్త పేజీ తీసి ఈ ఏడూ నిలువుగా రాయండి. అడ్డంగా మీ చిట్టాలోని అంశాలు. ప్రతి గడిలో ఒక గుర్తు: బాగా జరిగితే టిక్కు, జరగకపోతే ఇంటూ, ఆ అవసరమే రాకపోతే గీత. ఒక్కో గడికి ఐదు సెకన్లు చాలు. తెగ ఆలోచిస్తున్నారంటే గీత పెట్టి ముందుకెళ్లండి.

ఇప్పుడు అడ్డవరసల్లో లెక్కపెట్టండి. నా పేజీలో "మొదలుపెట్టడం", "అర్థం చేసుకోవడం" వరసల్లో ఆరుకి ఆరూ టిక్కులే. "ఒంటరి సాధన" వరసలో నాలుగు ఇంటూలు, ఈతకు గీత, ఒకే ఒక్క టిక్కు.

ఆ ఒక్క టిక్కు ఆవకాయది. చాలామంది ఇంటూలు లెక్కపెట్టుకుని నీరసపడిపోతారు. ఇంటూల మధ్య ఒంటరిగా నిలబడ్డ టిక్కు దగ్గర ఎక్కువ సేపు ఆగండి. మిగతా అన్నిచోట్లా చేయలేని పని అక్కడ ఎలా చేశాను?

నాకు దొరికిన జవాబు ఇది. మామిడికాయ నా కోసం ఆగదు. ఎండాకాలంలో కాయ దొరికే ఆ నాలుగు వారాల్లోనే పెట్టాలి. పైగా తప్పు జరిగితే జాడీ మూత తీయగానే కనిపిస్తుంది, ముక్కుకు కూడా తెలుస్తుంది. గిటార్‌కు గడువు లేదు. రాష్ట్రభాషకు ఉంది గానీ, ఫీజు కట్టలేదు కాబట్టి అది నా గడువు కాలేదు.

అంటే నాకు పట్టుదల లేదన్నది అబద్ధం. గడువూ లేక, పక్కన మనిషీ లేకపోతే నా సాధన రెండో వారంలో ఆగిపోతుంది. ఇది నిజం. మొదటి మాటతో చేయగలిగిందేమీ లేదు. రెండోదానితో పని మొదలుపెట్టవచ్చు.

4. గుణాలు కొట్టేయండి, పనులు రాయండి

ఇప్పుడు ఎర్ర పెన్ను. గుర్తుల పేజీ చూస్తూ మీ లోపాలు రాయండి. రాసిన ఏ వాక్యంలోనైనా గుణం పేరు ఉంటే (బద్ధకం, భయం, మతిమరుపు, మొహమాటం) దాన్ని కొట్టేసి, ఎప్పుడు ఏం చేస్తారో, ఏం చేయరో రాయండి. కెమెరా పెడితే అందులో కనబడేలా ఉండాలి.

"బద్ధకం" అని రాశారా? ఇలా మార్చండి: "ఒకరోజు తప్పితే మర్నాడు పుస్తకం తెరవను."

"ఏకాగ్రత లేదు" బదులు: "ఫోన్ బల్ల మీద ఉంటే పదిహేను నిమిషాల్లో రెండుసార్లు తీస్తాను. వేరే గదిలో ఉంటే గంట కూర్చుంటాను." ఈ రెండో ముక్క రాయగానే మందు కూడా అందులోనే దొరికేసింది చూడండి.

"ఇంగ్లిష్ రాదు" బదులు: "చదివితే అర్థమవుతుంది, మెయిల్ రాయగలను. ఫోన్‌లో అవతలివాళ్లు వేగంగా మాట్లాడితే మళ్లీ చెప్పమని అడగను."

"ఈ వయసులో గుర్తుండదు" అనేది నేను ఎక్కువగా వినేది. దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. మా అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్లు. ఫోన్‌తో డబ్బు పంపడం ఎన్నిసార్లు చూపించినా "నాకు గుర్తుండదు బాబూ" అనేవారు. ఒకరోజు ఫోన్ ఆవిడ చేతికివ్వకుండా, వరసగా ఏమేం చేయాలో నోటితో చెప్పమన్నాను. స్కానర్ తెరవడం, పేరు సరిచూసుకోవడం, అంకె కొట్టడం, పిన్ కొట్టడం, పొల్లు పోకుండా చెప్పారు. గుర్తుంది, లక్షణంగా ఉంది! లేనిది ధైర్యం. ఒక సున్నా ఎక్కువ పడితే ఎలా అన్నదే ఆవిడ టెన్షన్.

అప్పుడు మందు మారిపోయింది. మళ్లీ మళ్లీ చూపించడం మానేసి, కూతురికి ఒక్కో రూపాయి చొప్పున పదిసార్లు పంపమన్నాం. తప్పు జరిగినా పోయేది రూపాయి, అదీ ఇంట్లోకే. మూడో రోజు కూరగాయల బండి దగ్గర ఆవిడే స్కాన్ చేశారు. లోపానికి తప్పు పేరు పెడితే ఏళ్ల తరబడి తప్పు మందు వేస్తాం.

వాక్యం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి:

☐ ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో అందులో ఉందా?
☐ చిట్టాలో కనీసం రెండు అంశాల్లో కనిపించిందా? ఒకేసారి జరిగింది లోపం కాదు, సంఘటన.
☐ "ఎప్పుడూ", "ఏదీ", "అసలు" అనే మాటలు తీసేశారా?
☐ ఇదే వాక్యం మీ స్నేహితుడి గురించి అయితే వాడి మొహం మీద అనగలరా? అనలేకపోతే అది లెక్క కాదు, తిట్టు.

5. బలాలనూ ఇలాగే నిలదీయండి

లోపాల మీద అనుమానం పడతాం గానీ బలాలను అడక్కుండానే ఒప్పేసుకుంటాం. 1999లో డన్నింగ్, క్రూగర్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు విద్యార్థులకు తర్కం, వ్యాకరణం లాంటి పరీక్షలు పెట్టి, మీరు ఎలా రాశారనుకుంటున్నారని అడిగారు. అట్టడుగు పావు వంతులో ఉన్నవాళ్లు సగటున 12వ పర్సంటైల్‌లో (అంటే వందమందిలో పన్నెండు మంది కంటే మాత్రమే పైన) ఉండి, 62 దగ్గర ఉన్నామనుకున్నారు. పైన ఉన్నవాళ్లేమో తమను కాస్త తక్కువగానే ఊహించుకున్నారు. కాబట్టి "నాకిది బాగా వచ్చు" అనే నమ్మకం ఒక్కదాన్నీ సాక్ష్యంగా తీసుకోవద్దు.

బలమని రాసుకునే ముందు మూడు ప్రశ్నలు: ఎవరూ వెంటపడకపోయినా చేశానా? ఒకదానితో సంబంధం లేని మరొకదానిలో కూడా కనిపించిందా? కొత్త విషయం నేర్చుకునేటప్పుడు దాని వల్ల పని తేలికైందా?

నా విషయంలో "త్వరగా అర్థం చేసుకుంటాను" అన్నది మూడింటికీ నిలబడింది. కానీ చిట్టా పక్కన పెట్టి చూస్తే ఇంకోటి కనిపించింది. అర్థమైపోయింది కదా అని సాధన మానేయడం కూడా దాని వెనకే వస్తోంది. పివట్ టేబుల్ వీడియో మూడుసార్లు చూశాను, ఒక్కసారీ చేయలేదు. బలం పక్కనే దాని నీడ రాసుకోండి. త్వరగా మొదలుపెట్టేవాళ్లు చాలా మొదలుపెడతారు. శ్రద్ధగా నోట్స్ రాసేవాళ్లలో కొందరు రాయడంతోనే సరిపెడతారు. సొంతంగా తంటాలు పడి నేర్చుకునేవాళ్లు, పది నిమిషాల్లో తేలే అనుమానం మీద పది రోజులు కూర్చుంటారు.

6. మూడో సాయంత్రం: చిన్న పరీక్షలు

ఇప్పటిదాకా రాసింది జ్ఞాపకం మీద ఆధారపడింది. జ్ఞాపకం మోసం చేస్తుంది. ఇప్పుడు నేర్చుకుంటున్న ఏదో ఒక విషయం మీద ఈ పరీక్షలు చేయండి.

పుస్తకం మూసే పరీక్ష. రెండు పేజీలు చదవండి. మూసేయండి. గుర్తున్నదంతా తెల్ల కాగితం మీద రాయండి. తర్వాత తెరిచి, వదిలేసినవి ఎర్రగా చేర్చండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు ఇలాంటి పోలికే చేశారు. మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెట్టిన పరీక్షలో, చూడకుండా గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లు ముందుకెళ్లారు. మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది కాబట్టి వచ్చేసినట్టు అనిపిస్తుంది. మీరు ఏ రకమో ఈ ఒక్క కాగితం చెప్పేస్తుంది.

అంచనా పరీక్ష. పది ప్రశ్నలు తీసుకోండి. జవాబులు రాయకముందే ఎన్ని సరిగ్గా వస్తాయో పక్కన రాసుకోండి. రాశాక దిద్దండి. ఎనిమిది అనుకుని ఐదు వస్తే మీ లోపం సబ్జెక్టులో కన్నా అంచనాలో ఎక్కువ. ఐదు అనుకుని తొమ్మిది వస్తే మీరు అనవసరంగా మళ్లీ మళ్లీ చదువుతున్నారు, లేదా పరీక్ష ఫీజు కట్టడానికి భయపడుతున్నారు.

చెప్పి చూసే పరీక్ష. ఆ విషయం తెలియని మనిషికి మూడు నిమిషాల్లో చెప్పండి. మీరు "అదే, అది ఉంటుంది కదా" అన్న ప్రతి చోటా మీకు తెలియనిది ఒకటి దాక్కుని ఉంటుంది.

చేతిపనులకైతే పుస్తకం బదులు మనిషిని తీసేయండి. సంగీతం టీచర్ లేకుండా జంట వరుసలు (స్వరాలు రెండేసి పలికే సాధన) రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో, పాడి ఫోన్‌లో రికార్డు చేయండి. మర్నాడు వినండి, అప్పుడే వినొద్దు. పాడిన వెంటనే వింటే చెవి మనల్నే సమర్థిస్తుంది.

ఒక హెచ్చరిక. "నేను విజువల్ లెర్నర్‌ని (బొమ్మల్లో, వీడియోల్లో చూస్తేనే ఎక్కే రకం), చదివితే ఎక్కదు" అని రాసుకుని ఉంటే దాన్ని పెన్సిల్‌తో రాసినట్టు అనుకోండి. మనిషి నేర్చుకునే శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారన్నదానికి సరైన ఆధారాలు లేవని 2008లో పాష్లర్, మరో ముగ్గురు పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ పరిశీలించి తేల్చారు. వీడియో ఇష్టం అనేది ఇష్టమే, బలం కాదు. ఒకే పాఠాన్ని సగం వీడియోతో, సగం పుస్తకంతో చదివి, రెండింటికీ రెండు రోజుల తర్వాత పుస్తకం మూసే పరీక్ష పెట్టుకోండి. నాకైతే పుస్తకమే నెగ్గింది. వీడియో చూస్తున్నంతసేపూ తలూపుతూ ఉన్నానంతే.

7. ఇద్దరిని అడగండి

మనకు కనబడనివి పక్కవాళ్లకు కనబడతాయి. కానీ "నా బలహీనతలేంటి?" అని అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పినా మొహమాటానికి ఏదో అంటారు. సందర్భం పట్టుకుని అడగాలి. నేను మా అక్కకు ఫోన్ చేసి, "చిన్నప్పుడు నువ్వు నాకు లెక్కలు చెప్పేదానివి కదా, నీకు చిరాకు పుట్టించేది ఏంటి?" అన్నాను.

"నిజం చెప్పనా? ఫీలవ్వకూడదు మళ్లీ."

"చెప్పవే."

"అర్థం కాకపోయినా ఆఁ ఆఁ అంటావురా. అయిపోయిందనుకుని నేను లేచి వెళ్లిపోయేదాన్ని. తర్వాత చూస్తే నోటుబుక్కులో ఒక్క లెక్కా ఉండేది కాదు."

నా పేజీలో "అడగడం" వరసకి అన్నీ టిక్కులే పెట్టుకున్నాను! ఆ రాత్రి రెండు టిక్కుల్ని ఇంటూలుగా మార్చాల్సి వచ్చింది. ఒకటి డ్రైవింగ్ స్కూల్ది. రివర్స్‌లో స్టీరింగ్ ఎటు తిప్పాలో నేర్పే కుర్రాడు చెబుతుంటే నేను అన్నది కూడా ఆఁ ఆఁ అనే.

అడిగేటప్పుడు:

☐ ఒకరు మీకు నేర్పినవాళ్లు, ఒకరు మీతో కలిసి నేర్చుకున్నవాళ్లు అయితే మంచిది.
☐ ఒకే సందర్భం, ఒకే ప్రశ్న.
☐ వాళ్లు చెబుతుంటే సమర్థించుకోవద్దు. అన్న మాటలు అన్నట్టే రాసుకోండి.
☐ ఇద్దరూ ఒకే మాట అంటే అది పేజీలోకి ఎక్కించండి. ఒక్కరే అంటే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

మీ మీద అధికారం ఉన్నవాళ్లను అడక్కండి. ఆఫీసులో మేనేజర్‌కి ఇలాంటివి చెప్పుకుంటే అది ఇంక్రిమెంట్ల నాడు తిరిగొస్తుందని నా అనుమానం.

8. ఒక్క లోపం, మూడు వారాలు

పేజీలో ఐదారు లోపాలు తేలి ఉంటాయి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే రెండు పడవల మీద కాళ్లు కాదు, ఆరు పడవల మీద. ఒకటి ఎంచుకోండి. ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతోందని కాదు, ఏది తీరితే ఎక్కువ అంశాలు కదులుతాయని చూడండి. గుర్తుల పేజీలో ఎక్కువ ఇంటూలున్న వరసే అది.

కొన్నింటిని దిద్దకుండా పక్కదారి పట్టించడం మేలు. తెల్లవారుజామున లేవలేనివాళ్లు లేవడం నేర్చుకోవడానికి ఆరు నెలలు తగలేయనక్కర్లేదు, రాత్రి చదవొచ్చు. నా ఒంటరి సాధన గొడవ కూడా ఇలాంటిదే. ఒంటరిగా కూర్చోగలిగే మనిషిగా మారాలని పంతం పట్టలేదు. కారు తీసే రోజున ఎదురింటాయనను పక్కన కూర్చోమంటున్నాను. ఆయనకు టీ ఖర్చు నాది.

తరచూ కనిపించే లోపాలకు పనిచేసిన మందులు ఇవి.

రెండో వారంలో ఆగిపోతుంటే: గడువు డబ్బుతో కొనండి, అంటే ఫీజు ముందే కట్టేయండి. ఒకరోజు తప్పితే మర్నాడు రెండే నిమిషాలు చేయండి. గంట బాకీ తీర్చాలనుకుంటే ఆ బాకీ పెరిగి, చివరికి నోటుబుక్కు అటకెక్కుతుంది.

అడగడానికి మొహమాటమైతే: ప్రశ్న ముందే కాగితం మీద రాసుకోండి. "ఇక్కడిదాకా అర్థమైంది, ఇది ప్రయత్నించాను, ఇక్కడ ఆగాను" అనే మూడు ముక్కలుంటే ఎదుటివాళ్లు విసుక్కోరు. నాలాంటి ఆఁ ఆఁ బాపతు అయితే, ఎదుటివాళ్లు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పి "ఇంతేనా?" అని అడగండి.

చదివింది నిలవకపోతే: చదివే సమయంలో సగం తగ్గించి, ఆ సగం పుస్తకం మూసి రాయడానికి ఇవ్వండి. అలా మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తిరిగాక ఒకసారి రాయండి.

నేర్చుకున్నది వాడకుండా వదిలేస్తుంటే: మొదలుపెట్టకముందే ఎక్కడ వాడతారో రాయండి. "ఎక్సెల్ నేర్చుకుంటాను" కాదు, "వచ్చే నెల అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్క నేనే వేస్తాను."

మరీ ఎక్కువ మొదలుపెడుతుంటే: ఒకటి పూర్తి చేస్తేనో, ఇక వద్దని తేదీ వేసి కొట్టేస్తేనో గానీ కొత్తది ఎక్కించకూడదు. కొట్టేయడం తప్పేమీ కాదు. గిటార్ వరస మీద నేను గీత గీశాను. హాయిగా ఉంది.

ఈ మూడు వారాలూ రోజూ రాయాల్సింది ఒకే వాక్యం: ఆ సందర్భం వచ్చిందా, వస్తే ఏం చేశాను. సందర్భం రాని రోజు "రాలేదు" అని రాసి పడుకోండి.

9. జరిగే పొరపాట్లు

రాసింది చదువుకుని ఏడుపొస్తోంది: గుణాలు రాశారన్నమాట. నాలుగో అంచెకు వెనక్కి వెళ్లండి.

లోపాలన్నీ బయటివాళ్లవే (టీచర్ బాగా చెప్పలేదు, పిల్లలు చదవనివ్వరు): నిజమే అయ్యుండొచ్చు, చంటిపిల్లలున్న ఇంట్లో గంట దొరకదు. దాన్ని లోపాల పేజీలో కాక "పరిస్థితులు" అని వేరే పేజీలో రాయండి. రెండూ కలిపితే ఏదీ తేలదు.

పక్కవాళ్లతో పోల్చుకోవడం: తమ్ముడు మూడు నెలల్లో జర్మన్ ఏ1 (మొదటి స్థాయి పరీక్ష) రాశాడంటే, వాడి గడువు వీసా. మీ గడువు ఏంటి? పోలిక మీ పాత చిట్టాతోనే.

ఇంకా రంగురంగుల పెన్నులు, స్టిక్కర్లు, కొత్త యాప్: నోటుబుక్కును ముస్తాబు చేయడం మొదలైందంటే పని ఆగిందని అర్థం.

10. మూడు నెలలకోసారి

☐ గుర్తుల పేజీ కొత్తగా గీయండి. పాతది చూడకుండా నింపి, తర్వాత పోల్చండి.
☐ ఎంచుకున్న లోపం వాక్యం ఇంకా నిజమేనా? కాకపోతే కొట్టేసి తేదీ వేయండి.
☐ బలం పక్కన రాసిన నీడ ఈ మూడు నెలల్లో ఎన్నిసార్లు కనిపించింది?
☐ అంచనా పరీక్ష మళ్లీ ఒకసారి. అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా తగ్గిందా?
☐ తర్వాతి తేదీ నోటుబుక్కు అట్ట మీద రాయండి.

నా అట్ట మీద ఉన్న తేదీ అక్టోబరు 2. సెలవు, వీధిలో బళ్లు తక్కువ. ఆ పొద్దున గేటు ముందు సుద్దముక్కతో రెండు గీతలు గీసి, కారు పదిసార్లు రివర్స్ తీయాలి. ఎన్నిసార్లు గీత తొక్కకుండా వస్తానో అంచనా ముందే రాసేశాను: ఆరు.